దేవుని ఇండ్లు తప్ప

ఈదులవాయి,
11 జనవరి 2026

చెల్లె గ్రేస్‌కు,

నీ పెండ్లినాడు చర్చి మెట్ల మీద దేవదానం మన నాయన చేతిలో చెయ్యి వేసి ఒక మాట ఇచ్చాడు. వాగు ఒడ్డున నీకు రాసిచ్చిన అరెకరంలో ఒక్క ఈత చెట్టు కూడా కొట్టనన్నాడు, ఒడ్డును ఒడ్డుగానే ఉంచుతానన్నాడు. రెండో ఎండాకాలానికి చెట్లన్నీ కొట్టించి ఇసుక ట్రాక్టర్లకు బాట తీశాడు. నాయన ఆ బాట మీద కాసేపు నిలబడి ఇంటికి వచ్చాడు. ఏమీ అనలేదు. ఆ రోజు అన్నం కూడా మామూలుగానే తిన్నాడు. చనిపోయినవాళ్లను నిందించకూడదని మీ పాస్టరు చెబుతాడేమో. నేను నిందించడం లేదు, జరిగింది రాస్తున్నాను.

నీకు ఫోన్‌లో వినిపించదు. నేను అరిచి చెబితే నీకు తప్ప వాడంతటికీ వినిపిస్తుంది. అందుకే ఉత్తరం.

సంగతి ఇది. సూర్యాపేట నుంచి మన మండలానికి కొత్త ప్లాన్ వచ్చింది. ఏ భూమిలో ఇండ్లు కట్టవచ్చు, ఏ భూమిలో కట్టకూడదు అని రంగులు వేసిన పటం. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. పసుపు రంగు వేసిన చోట ఇండ్లు కట్టుకోవచ్చు. ఆకుపచ్చ వేసిన చోట కట్టకూడదు, మట్టి పోసి ఎత్తు చేయకూడదు. మన వాగుకు రెండు ఒడ్లూ పసుపే. వాగు మాత్రం నీలం గీత. ఎవరో పెన్సిల్ చెక్కి, రాస్తుందో లేదో చూసినట్టు సన్నగా ఉంది.

ఇది ఇంకా ముసాయిదానే. వాగుకు రెండు పక్కలా ముప్పై మీటర్లు ఆకుపచ్చగా ఉంచాలని గ్రామసభ తీర్మానం చేసి పంపితే, సూర్యాపేట ఆఫీసు మార్చవచ్చు. కొత్త సర్పంచి కళ్యాణి నా దగ్గర చదువుకున్న పిల్ల. "సార్, మీరు రాసియ్యుండ్రి, నేను సభల పెడత" అన్నది. ఫిబ్రవరిలో సభ.

ఎందుకని నువ్వు అడగవనుకుంటాను. అయినా రాస్తున్నాను. ఎదుటి ఒడ్డున ఉన్న పల్లం నీకు గుర్తుండే ఉంటుంది. వాన ఎక్కువైతే వాగు అటు పరుచుకుని, రెండు రోజులు నిలిచి, మెల్లగా పోయేది. రైసుమిల్లు శ్రీహరి ఆ పల్లమంతా మిల్లు బూడిద, మొరం పోసి మెరక చేశాడు, ప్లాట్లు కొట్టడానికి. పాత పంచాయతీ పర్మిషన్ ఇచ్చింది. వాగుకు అటు చోటు లేక ఇటు వచ్చింది. ఇటు మన వాడ ఉంది. నిరుటి కంటే ముందటి ఏడు సెప్టెంబరులో, ఆదివారం పొద్దున, మీ వదిన ఏసమ్మ బర్రె పలుపు విప్పడానికి కొట్టంలోకి పోయింది. రెండో రోజు నేరేడుచర్ల దారిలో ఎవరిదో వరిమడిలో దొరికింది. బర్రె బతికింది. తర్వాత అమ్మేశాను.

శ్రీహరి ఇప్పుడు మన ఒడ్డు కూడా అడుగుతున్నాడు. ఒడ్డు మీద భూమి ఉన్నవాళ్లు ముప్పై మీటర్లు విడిచిపెడతామని ఒప్పుకుంటే తీర్మానానికి బలం వస్తుంది. అందరికంటే ముఖ్యం నీ అరెకరం. వాగు మలుపు తిరిగేది అక్కడే. ఒప్పుకుంటున్నానని రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి పంపు.

ఏసుపాదం


మిర్యాలగూడ,
18 జనవరి 2026

అన్నకు గ్రేస్ వందనాలు.

నీ ఉత్తరం మొదటి పేరా చదివి, మడిచి దిండు కింద పెట్టాను. మిగతాది రెండో రోజు చదివాను. మనిషి పోయి మూడేండ్లు అవుతోంది. ఇంకా ఆయన్ను చర్చి మెట్ల మీదనే నిలబెట్టి అడుగుతున్నావు. ఒక సంగతి నీకు తెలియదు. ఆ ఇసుక పైసలతోనే అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నీకు చెప్పొద్దని అమ్మే అన్నది. "పెద్దోనికి తెలిస్తే కండ్లు మల్ల తీసి ఇచ్చేయమంటడు" అని నవ్వింది కూడా.

నేను బాగానే ఉన్నాను. చెవి మిషన్ కొత్తది పెట్టించారు. మనుషుల మాట తప్ప అన్నీ వినిపిస్తున్నాయి. ఫ్యాను, కుక్కర్, పక్కింటి మోటరు. ముప్పై ఏండ్లు నర్సు పని చేసి ఎంతమంది నాడి విన్నానో, ఇప్పుడు కిరాయికి ఉండే గోపిక తలుపు కొడితే తెలియదు. పాపం ఆ పిల్ల కిటికీలోంచి చీపురుపుల్లతో నన్ను పొడిచి పిలుస్తుంది.

నువ్వు అడిగిన సంతకం నేను పెట్టలేను అన్నా. ఆ అరెకరం నాది కాదిప్పుడు. పోయిన క్రిస్మస్‌కు సంఘానికి ఇచ్చాను. ప్రార్థనా మందిరం కడతారు. మనకు బాప్తిస్మం ఇచ్చిన మడుగు పక్కనే, మలుపు మీద. ఈస్టర్ అయినాక పునాదిరాయి వేస్తామని పాస్టర్ రాకేష్ చెప్పాడు. రాయి మీద ఒక పేరు చెక్కిస్తున్నాం. ఎవరి పేరో ఇప్పుడు చెప్పను. ఆ రోజు వచ్చి చూసుకో.

నువ్వు మందిరానికి రావని తెలుసు. రాయి చూడటానికైనా రా. అన్నం వేళకు తింటున్నావా?

నీ చెల్లె, గ్రేస్


ఈదులవాయి,
25 జనవరి 2026

చెల్లె గ్రేస్‌కు,

ఎవరి పేరో నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. ఈత చెట్లు కొట్టినవాడి పేరు, చెట్లు కొట్టిన చోటే, రాతి మీద. ఇంతకంటే బాగా ఎవరూ కుదర్చలేరు. అమ్మ కండ్ల సంగతి నాకు తెలుసు. చెప్పొద్దన్న మాటను అమ్మ తనే నాకు చెప్పింది. ఆమె ఏ రహస్యాన్నీ ఒక పండుగ దాటనిచ్చేది కాదు.

చరిత్ర పుస్తకాలు నలభై ఏండ్లు చదివాను. ప్రతి రాజ్యమూ ఒక ఏటి ఒడ్డున మొదలైందని రాస్తారు. ఒడ్డును ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో రాయరు. ఆ పుస్తకాల్లో సగం వరదలో తడిసి అట్టలతో సహా ఇటుకల్లా గట్టిపడ్డాయి. పారవేయలేదు. తలుపు కొట్టుకోకుండా ఒకటి అడ్డం పెట్టాను.

నేరేడుచర్ల పోయి శ్రీహరిని కలిశాను. మిల్లులో తన గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. గోడకు వాడి వెంచర్ బొమ్మ పెద్దది వేలాడుతోంది. వాగును నీలంగా, వెడల్పుగా, పడవ కూడా వేసి గీయించాడు. ప్రభుత్వ పటంలో కంటే వాగు వాడి దగ్గరే పెద్దగా ఉంది. కింద "కోదాడ ఇరవై నిమిషాలే" అని రాసి ఉంది.

"సార్, మీరు నాకు చదువు చెప్పినోళ్లు. మీ మీద నాకు కోపమెందుకుంటది?" అన్నాడు.

"నీకు భూగోళం కూడా చెప్పిన్రా. నీళ్లు ఎటు పోతయో అప్పుడు బాగనే చెప్పేటోనివి," అన్నాను.

"గది వరద సార్. దేశమంత వచ్చింది. కోదాడల కార్లు కొట్టుకుపోలే? కోదాడల నేను పోసిన్నా బూడిద?"

వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. కానీ చాయ్ చల్లారిపోయింది, బస్సు వేళ అయింది. వచ్చేశాను.

వాడలో పని ఇంకా కష్టం. నల్లా దగ్గర అచ్చమ్మ అందరి ముందు నన్ను ఆపింది. "ఓ సారూ, జోన్ అంటే సర్కారు గుంజుకునుడే గదా? కాలువ కింద మా మామది గట్లనే గుంజుకున్నరు. నువ్వు పించనొచ్చేటోనివి, నీకేం పోతది?" గుంజుకోరని, భూమి మీ పేరు మీదనే ఉంటుందని, దున్నుకోవచ్చు కానీ ఇల్లు కట్టరాదని చెప్పాను. "ఇల్లు కట్టరాని భూమి నాదైతే ఎంత, ఎవనిదైతే ఎంత?" అన్నది. నవ్వారు. ఆ నవ్వినవాళ్ల ఇండ్లలో కిటికీ దాకా నీళ్లు వచ్చాయి. గోడల మీద ఆ గీత ఇంకా ఉంది. పండుగకు సున్నం వేసేటప్పుడు దాని కింద ఒక రంగు, మీద ఒక రంగు వేసుకున్నారు. చూడటానికి బాగానే ఉంది.

సంఘానికి ఇచ్చిన భూమి తిరిగి తీసుకో. మందిరం ఊర్లో బడి పక్కన కట్టుకోమను, నా స్థలం ఇస్తాను. నాకు దేవుడితో పేచీ లేదు, మలుపుతోనే పేచీ.

ఏసుపాదం


మిర్యాలగూడ,
2 ఫిబ్రవరి 2026

అన్నా,

ఈసారి వందనాలు లేవు. కోపంగా ఉంది.

రాయి మీద పేరు ఆయనది కాదు. వదినది. "ఏసమ్మ ప్రార్థనా మందిరం". నువ్వు సంతోషపడతావని దాచాను. నువ్వు మా ఆయన్ను తిట్టడానికి తొందరపడి నా సంతోషాన్ని చెడగొట్టావు.

వదినను ఎక్కడ పెట్టుకుంటాం చెప్పు? సమాధి దగ్గరికి వానకాలం ఎవరూ పోలేరు. మందిరం ఉంటే వారం వారం పేరు చదువుతారు. ఆమె వార్డు మెంబరుగా ఉన్న ఐదేండ్లలోనే వాడకు నల్లా వచ్చింది. బస్సు దిగే కాడి నుంచి మీ ఇంటి దాకా సీసీ రోడ్డు వచ్చింది. అంతకుముందు ఏ మెంబరు ఏం తెచ్చాడు? పాస్టర్ రాకేష్, నలుగురు ఆడవాళ్లు మొన్న మా ఇంటికి వచ్చారు. అచ్చమ్మ కూడా వచ్చింది. బత్తాయిలు తెచ్చారు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించారు, నాకు వినిపించదని. "మా ఏసమ్మక్క పేరు వెట్టాలె." నేను ఏడ్చాను. గోపిక కూడా ఏడ్చింది, ఆమెకు వదిన ఎవరో కూడా తెలియదు.

నువ్వు మాత్రం ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు చూశాను. వచ్చినవాళ్లను కుర్చీల్లో కూర్చోమని చెబుతూ తిరిగావు. నర్సుగా ఎన్నో చావులు చూశాను, అట్లా ఉండేవాళ్లను కూడా చూశాను. అందుకే ఏమీ అనలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఇద్దరి మధ్య ఏమైనా మాట పట్టింపు ఉండెనా?

పేరు పెట్టడానికి నీ అనుమతి కావాలని పాస్టర్ అంటున్నాడు. ఇస్తున్నానని ఒక్క ముక్క రాయి.

గ్రేస్


ఈదులవాయి,
6 ఫిబ్రవరి 2026

గ్రేస్‌కు,

ఆ పేరు పెట్టొద్దు. కారణం అడగొద్దు. ఏ పేరూ పెట్టకుండా, బడి పక్కన కట్టుకోమను.

బత్తాయిలు షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ తినకూడదు.

ఏసుపాదం


మిర్యాలగూడ,
12 ఫిబ్రవరి 2026

అన్నా,

నీ ఉత్తరం రెండు వరుసలు. నా షుగర్ ఒక వరుస. వదినకు ఒక వరుస కూడా మిగలలేదు.

నాకు ఇప్పుడు అర్థమైంది. నువ్వు చదువుకున్నవాడివి, వదిన ఏడో తరగతి. పెండ్లినాటి నుంచి ఆమెను నీ పుస్తకాల పక్కన కూర్చోనిచ్చావు కానీ, పుస్తకం చేతికి ఇవ్వలేదు. ఆమె మెంబరుగా గెలిచిననాడు కూడా "మంచిది" అని ఊరుకున్నావు. ఊరంతా దండలు వేసింది. ఆమె పేరు నీ పేరు కంటే పెద్దగా రాతి మీద ఉంటే నువ్వు ఓర్వలేవు. ఇంతకు మించి నాకు ఏ కారణమూ తోచడం లేదు. తప్పైతే చెప్పు.

ఇరవయ్యో తేదీ గ్రామసభకు నేను వస్తున్నాను. గోపిక నేరేడుచర్ల దాకా బస్సు ఎక్కిస్తుంది. అక్కడి నుంచి ఆటో. నలుగురి ముందు నిలబడి అడుగుతాను. ముప్పై మీటర్లు మీరు పెట్టుకోండి, నేను వద్దనను. వాగు నన్ను కూడా పెంచింది. మా వదిన మందిరాన్ని మాత్రం విడిచిపెట్టండి అని అడుగుతాను. ఎవరైనా కాదంటే అననీ. నాకు ఎలాగూ వినిపించదు.

గ్రేస్


ఈదులవాయి,
22 ఫిబ్రవరి 2026

చెల్లె గ్రేస్‌కు,

సభ అయిపోగానే నువ్వు నా చెయ్యి పట్టుకుని "ఇద్దరి మాటా నిలబడ్డది గదా అన్నా" అన్నావు. ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. జవాబు చెప్పినా నీకు అందేది కాదు. నువ్వు ముందు వరుసలో కూర్చుని అందరి ముఖాలూ చూశావు, మాటలు నీదాకా రాలేదు. అక్కడ ఏం జరిగిందో వరుసగా రాస్తున్నాను.

కళ్యాణి నా తీర్మానం చదివింది. చదవగానే అచ్చమ్మ లేచింది. "ముప్పై మీటర్లల్ల నా బర్రెను కట్టేస్తే కేసు వెడతరా బిడ్డా?" కళ్యాణి, "బర్రెకు కేసు లేదత్తా, బంగ్లాకే కేసు" అన్నది. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. అప్పటికి సభ నా వైపే ఉంది. గొర్ల బీరయ్య కూడా "ఒడ్డు ఉంటేనే జీవాలకు మేత, రాసుకోండ్రి" అన్నాడు.

అప్పుడు నువ్వు లేచావు. వినిపించని వాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. మైకు లేకుండానే టెంటంతా వినిపించింది. ఏసమ్మ గురించి చెప్పావు. నల్లా, రోడ్డు, ఆమె పెట్టిన అన్నం. ఆడవాళ్లు కొంగులతో కండ్లు ఒత్తుకున్నారు. నీకు కనిపించింది అంతవరకే. నువ్వు కూర్చున్నాక జరిగింది ఇది.

పాస్టర్ లేచి, "ముప్పై మీటర్లు మంచిదే. 'దేవుని ఇల్లు తప్ప' అని ఒక్క మాట కలుపుదాం" అన్నాడు.

బీరయ్య మళ్లీ లేచాడు. "ఏసుకే ఉంటదా ఇల్లు? మా మల్లన్న ఏం పాపం జేసిండు? దేవుని ఇండ్లు అని రాయుండ్రి. అందరికి ఒకటే ఉండాలె."

"గది న్యాయమే" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

శ్రీహరి అప్పటిదాకా టెంటు గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మెల్లగా వచ్చి నాకు దండం పెట్టాడు. "సారు పెద్ద మనసుతోటి రాసిండు. ముప్పై ఎందుకు, అరవై మీటర్లు పెట్టుండ్రి. నాకేం అభ్యంతరం లేదు. దేవుని ఇండ్లు తప్ప అని రాసుకుంటే సాలు. దేవుని కాడ నేనెవన్ని?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నువ్వు వాళ్లను చూసి నువ్వూ కొట్టావు.

నేను లేచి, ఈ మాట కలిపితే తీర్మానంలో ఇంకేమీ మిగలదని చెప్పాను. నీళ్లకు దేవుని గోడ, మన గోడ అన్న తేడా ఉండదన్నాను. ఎవరో "సారు పుస్తకాలు సదివి దేవుణ్ణి ఇడిసిండు" అన్నారు. ఇంకొకరు, "సొంత పెండ్లాం పేరు వెడుతుంటె అడ్డం పడుతుండు, గీయనెట్ల మనిషి" అన్నారు. నేను కూర్చున్నాను.

కళ్యాణి నా ముఖం చూసింది. ఆమెకు అర్థమైంది. ఎన్నికలై రెండు నెలలు. దేవునికి ఇల్లు వద్దని ఏ సర్పంచి అంటుంది? "ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నది. అందరూ ఎత్తారు. నువ్వు అటూ ఇటూ చూసి, ముప్పై మీటర్లకు అనుకుని, రెండు చేతులూ ఎత్తావు.

తప్పు నీది కాదు. రాసి చూపించేవాళ్లు పక్కన లేరు. నేను వేదిక పక్కన ఉన్నాను.

ఏసుపాదం


మిర్యాలగూడ,
17 మార్చి 2026

అన్నకు,

ఇన్ని రోజులు రాయలేదు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ నెపంతో రాయలేదు. అసలు సంగతి, నీ ఉత్తరం చదివాక కలం పట్టుకోవాలని అనిపించలేదు.

నేను చప్పట్లు కొట్టింది శ్రీహరికా? నాకు ముఖాలు మాత్రమే కనిపించాయి. అందరూ మంచిగా ఉన్నారు. మనుషులు అంత మంచిగా కనిపించడం చాలా రోజుల తర్వాత చూశాను.

పాస్టర్‌కు కబురు పంపి, భూమి తిరిగి ఇస్తారా, బడి పక్కన కడతారా అని అడిగాను. వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, మాట్లాడాడంటే కాగితం మీద రాశాడు. "దేవునికి ఇచ్చినది తిరిగి అడగకూడదమ్మా." దాని కింద, శ్రీహరి గారు పునాది నింపడానికి లారీలు ఉచితంగా పంపుతున్నారని, ఊరు ఒక్కటైందని రాశాడు. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది. పారేయడానికి చెయ్యి రావడం లేదు. పరిశుద్ధ కాగితమా అది? కాదు. ఊరికే.

పేరు సంగతి మాత్రం ఆపించాను. అన్న ఒప్పుకోలేదు, నేను చెక్కనియ్యను అన్నాను. దానికి ఆయన సరే అన్నాడు.

సూర్యాపేట పోయి నీ అభ్యంతరం ఇచ్చావా? అక్కడ ఏమన్నారు?

ఇంకొకటి అడుగుతాను. చిన్నప్పటి నుంచి నువ్వు ఎవరో ఒకరిని తప్పు పడుతూనే ఉన్నావు. నాయన ఏమీ అనలేదని తప్పు పట్టావు. మా ఆయన్ను, పాస్టర్‌ను, శ్రీహరిని, హెడ్‌మాస్టర్లను. ఇప్పుడు నాతో తప్పు నీది కాదు అంటున్నావు. అది తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. నిజంగా ఎవరిని తప్పు పడుతున్నావు? నన్నైతే నన్నని రాయి. తట్టుకుంటాను. వదిన పేరు వద్దని ఎందుకన్నావో కూడా దాంట్లోనే ఉందని నా మనసు చెబుతోంది. పేరు రాసి పంపు. ఇంకెప్పుడూ అడగను.

నీ చెల్లె, గ్రేస్


ఈదులవాయి,
19 ఏప్రిల్ 2026

చెల్లె గ్రేస్‌కు,

సూర్యాపేట పోయాను. ఆఫీసులో ఒక ఆడమనిషి మన తీర్మానం తీసి చదివింది. మంచి మనిషి, కుర్చీ వేసింది, నీళ్లు ఇచ్చింది. "సార్, ఒడ్డు మొత్తం ఆకుపచ్చ చేద్దామనే మాకూ ఉండె. మీ ఊరోళ్లే మినహాయింపు పెట్టుకున్నరు. దేవాలయాలకు దారి కావాలె, ప్రహరీ కావాలె, వచ్చినోళ్లు ఉండటానికి గదులు కావాలె. అవన్నీ కట్టేకాడ మేం ఆకుపచ్చ ఎట్ల వేస్తం?" అన్నది. రెండు ఒడ్లనూ పసుపుగానే ఉంచారు. ఇక మార్చరు. బస్టాండులో ఇడ్లీ తిన్నాను. ఉప్పు ఉందో లేదో గుర్తు లేదు.

ఇక్కడ వాగు దగ్గర ఏముందో రాస్తాను, నువ్వు రాలేవు కనుక. ఎదుటి ఒడ్డున శ్రీహరి ఒక సిమెంటు గద్దె కట్టి, దాని మీద చిన్న విగ్రహం పెట్టాడు. గద్దె చుట్టూ ప్రహరీ గోడ మాత్రం పెద్దది, వెంచర్ అంతా దాని లోపలికే వచ్చింది. గేటు మీద దేవుని పేరు, గేటు లోపల ప్లాట్ల రాళ్లు. బీరయ్య వాళ్లు మల్లన్నకు షెడ్డు వేశారు. దాంట్లో ఇప్పుడు ఎవరివో పైపులు ఉన్నాయి. ఇంకా ఇద్దరు తమ తమ దేవుళ్లకు ముగ్గు పోసి జాగా పట్టుకున్నారు. మన మలుపు మీద మందిరానికి పునాది లేచింది. లోపల నింపింది మిల్లు బూడిదే. నల్లగా, మెత్తగా ఉంది. అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది. వాగుకు ఇప్పుడు అటూ చోటు లేదు, ఇటూ లేదు. మిగిలింది వాడ ఒక్కటే.

అచ్చమ్మ బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కించుకుంటోంది. "వానలు రాకముందే ఎందుకత్తా?" అని కళ్యాణి అడిగితే, "దేవుడున్నడు బిడ్డా, ఉన్నా గాని బియ్యం తడుస్తయి" అన్నది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఎక్కించారు. కళ్యాణి నా దగ్గరికి వచ్చి కూర్చుని, "నేను గట్టిగ నిలవడాల్సింది సార్" అన్నది. నిలబడితే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. చాయ్ ఇచ్చి పంపాను.

నువ్వు పేరు అడిగావు.

శ్రీహరిని తిడతాను కానీ తప్పు పట్టను. వాడు లాభం కోసం చేస్తున్నానని దాచుకోలేదు. పాస్టర్ తన మందిరం కావాలన్నాడు, మందిరం కావాలనడమే అతని పని. దేవదానం చెట్లు కొట్టాడు. చెట్లు మళ్లీ మొలిచేవి, ఎవరైనా మొలవనిస్తే. నిన్ను నేనెప్పుడూ తప్పు పట్టలేదు. తిట్టడం నాకు అలవాటు. తిట్టినవాళ్ల ఇంట్లో కూర్చుని అన్నం తినగలను. తప్పు పట్టడం వేరు.

ఐదేండ్ల కింద పాత పంచాయతీలో, శ్రీహరి ఆ పల్లం నింపుకోవడానికి పర్మిషన్ అడిగిన సభ సంగతి నీకు తెలియదు. నువ్వు మిర్యాలగూడలో ఉన్నావు. ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు, మరిచిపోయారు. వాడు అడగగానే ఎవరూ ఒప్పుకోలేదు. మెంబర్లందరూ తల దించుకుని కూర్చున్నారు. వాగు సంగతి అందరికీ తెలిసిందే కదా. అప్పుడు వాడు, బస్సు దిగే కాడి నుంచి వాడ దాకా సీసీ రోడ్డు తన ఖర్చుతో వేయిస్తానన్నాడు. ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి మన వాడ మెంబరుది. ముంపు వచ్చే వాడ మెంబరే ఎత్తినాక తామెందుకు కాదనాలని మిగతావాళ్లు ఎత్తారు.

ఆ మనిషి సంతోషంగా ఇంటికి వచ్చింది. కాళ్లు కడుక్కుంటూ, "ఇగ వానకాలం నువ్వు చెప్పులు చేతవట్టుకొని బురదల నడిచే పని లేదు" అన్నది. ఆమె నా కోసమే ఎత్తింది. ఆ రోజు నేను ఆమెను ఏమీ అనలేదు. తర్వాత మూడేండ్లు ఆ రోడ్డు మీదనే నడిచాను. నిజమే, బురద లేదు.

ఆ ఆదివారం నీళ్లు వాడలోకి ఆ రోడ్డు మీదుగానే వచ్చాయి. సాఫుగా, ఎక్కడా ఆగకుండా వచ్చాయి.

అందుకే రాతి మీద వద్దన్నాను. వారం వారం ఎవరో చదువుతుంటే వినలేను. రాయమన్నావు కనుక ఇక్కడ ఒక్కసారి రాస్తున్నాను.

ఏసమ్మ.